లాగ్-లాగ్ గ్రాఫులో వాలు 0.33 రావాలి కదా, 0.28 వస్తోందేంటి? (కేంద్రకం సైజు, ద్రవ్యరాశి సంఖ్య)

#1 కొలబద్ద

ఆవేశ వ్యాసార్థాల (ప్రోటాన్లు ఎంత దూరం పరుచుకున్నాయో చెప్పేవి) పట్టికలోంచి కొన్ని స్థిర కేంద్రకాలు, వాటితో పాటు యురేనియం తీసుకుని, ద్రవ్యరాశి సంఖ్య (ఏ, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) లాగ్ అడ్డంగా, వ్యాసార్థం లాగ్ నిలువుగా వేశాను. అన్నీ ఫెర్మీల్లో (ఒక ఫెర్మీ అంటే 10^–15 మీటరు):

కార్బన్-12: 2.470
ఆక్సిజన్-16: 2.699
కాల్షియం-40: 3.478
ఇనుము-56: 3.738
తగరం-120: 4.652
బంగారం-197: 5.437
సీసం-208: 5.501
యురేనియం-238: 5.857

బిందువులు ఒక గీత మీదకి బాగానే వస్తున్నాయి. వాలే తేడాగా ఉంది. కార్బన్ నుంచి సీసం దాకా 0.281. తేలికవి తీసేసి ఇనుము నుంచి సీసం దాకా చూస్తే 0.294. తగరం నుంచి సీసం దాకా 0.305. పెరుగుతోంది గానీ మూడోవంతును అందుకోవట్లేదు. వ్యాసార్థం ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలానికి అనుపాతం అని ప్రతి పుస్తకంలోనూ ఉంది. మరి ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తోంది?

#2 మూడోవంతు

పట్టికలో ఉన్నది ఆర్‌ఎంఎస్ వ్యాసార్థం (దూరాల వర్గాల సగటుకి వర్గమూలం). ఆర్ = 1.2 × ఏ^(1/3) అనే సూత్రంలో ఉన్నది అంచు తెగ కోసినట్టుండే గోళం వ్యాసార్థం. ఏకరీతి గోళానికి ఆర్‌ఎంఎస్ అంటే ఆర్ × √(3/5). అంటే మీ విలువలన్నిటినీ 1.291తో గుణించాలి. అప్పుడు సీసం 7.10 వస్తుంది, సూత్రం ప్రకారం 7.11. సరిపోయింది కదా.

#3 కొలబద్ద

#2, సీసానికి సరిపోయింది, ఒప్పుకుంటా. కానీ అన్నిటినీ ఒకే సంఖ్యతో గుణిస్తే లాగ్ గ్రాఫులో గీత పైకి జరుగుతుందంతే, వాలు మారదు. గుణించాక ఒక్కోదానికీ ఆర్‌నాట్ (ఏ^(1/3) ముందుండే స్థిరాంకం, #2లో 1.2) ఎంతొస్తోందో చూడండి: కార్బన్ 1.39, ఆక్సిజన్ 1.38, కాల్షియం-40 1.31, ఇనుము 1.26, తగరం 1.22, సీసం 1.20. స్థిరాంకం అని పేరు పెట్టుకుని ఇలా మెట్లు దిగుతూ పోవడమేంటి?

#4 గుండుసూది

పరీక్షలో 27, 216 ఇచ్చి వ్యాసార్థాల నిష్పత్తి అడుగుతారు, 3:6 కాబట్టి 1:2 అని రాసి బయటికి రావాలి. అంతకు మించి ఈ సూత్రాన్ని గుచ్చి గుచ్చి అడిగితే అది కూడా ఎదురు ప్రశ్నలు వేస్తుంది 😄

#5 పాతలెక్క

#3లో ఆర్‌నాట్ దిగుతూ రావడానికి ముఖ్య కారణం అంచు. కేంద్రకానికి తెగ కోసిన అంచు ఉండదు. లోపల సాంద్రత దాదాపు సమానంగా ఉండి, అంచు దగ్గర 90 శాతం నుంచి 10 శాతానికి పడిపోవడానికి సుమారు 2.3 ఫెర్మీల దూరం పడుతుంది. ఈ దూరం కాల్షియానికీ సీసానికీ ఇంచుమించు ఒకటే, సైజుతో పాటు పెరగదు. సీసంలో ఆ అంచు చిన్న భాగం. కార్బన్‌లో దాదాపు కేంద్రకమంతా అంచే.

ఆర్‌ఎంఎస్‌లో దూరానికి వర్గం వేస్తాం కాబట్టి బయటికి చాచుకున్న తోక దాన్ని పెంచేస్తుంది. తేలిక కేంద్రకాల్లో ఈ పెంపు ఎక్కువ, బరువైనవాటిలో తక్కువ. అందుకే ఎడమ కొస పైకి లేచి వాలు తగ్గింది.

తీసేసే పద్ధతి ఇది. తెగ అంచున్న గోళాన్ని సిగ్మా వెడల్పున్న గాసియన్‌తో పులిమినట్టు అనుకోండి (హెల్మ్ నమూనా అంటారు). అప్పుడు

ఆర్‌ఎంఎస్ వర్గం = (3/5) × ఆర్ వర్గం + 3 × సిగ్మా వర్గం

సిగ్మా 0.9 ఫెర్మీ తీసుకుంటే చివరి పదం 2.43. ఇందులో 0.71 దాకా ప్రోటాన్ సొంత సైజుదే (0.84 వర్గం), మిగతాది కేంద్రకం అంచుది. ముందు ఆర్‌ఎంఎస్‌ని వర్గం చేయండి, 2.43 తీసేయండి, 5/3తో గుణించి వర్గమూలం తీయండి. ఆ తర్వాతే ఏ^(1/3)తో భాగించండి. వర్గం చేయకుండా వ్యాసార్థంలోంచి నేరుగా అంచును తీసేస్తే సంఖ్యలు ఎటో పోతాయి.

ఇనుము: 13.97 – 2.43 = 11.54, ఆర్ 4.386, ఆర్‌నాట్ 1.146
తగరం: ఆర్ 5.658, ఆర్‌నాట్ 1.147
సీసం: 30.26 – 2.43 = 27.83, ఆర్ 6.811, ఆర్‌నాట్ 1.150

ఇప్పుడు ఇనుము నుంచి సీసం దాకా వాలు తీయండి: 0.335.

#6 కొలబద్ద

వేసి చూశా, 0.335 నిజంగానే వస్తోంది. బంగారం 1.156. కాల్షియం-40 మాత్రం 1.174. ఉత్సాహం ఆగక హీలియం-4 (1.678) కూడా పెట్టా. ఆర్ 0.80 వచ్చింది, ఆర్‌నాట్ 0.5. ఇదేం లెక్క?

#7 పాతలెక్క

హీలియం వర్గం 2.82, అందులోంచి 2.43 తీసేస్తే మిగిలేది శేషమే, కేంద్రకం కాదు. లోపల సమతలం అనేదే లేని చోట అంచుని విడదీయలేం. కార్బన్ (1.08), ఆక్సిజన్ (1.13) కూడా కొంచెం ఎక్కువ కోతకు గురయ్యాయి. ఈ పద్ధతిని ద్రవ్యరాశి సంఖ్య 40 పైన నమ్మండి, 16 దాకా జాగ్రత్తగా వాడండి, 12 కిందకి దిగకండి. డ్యూటెరాన్ (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్; 2.13 ఫెర్మీ) అయితే హీలియం-4 కన్నా పెద్దది, బరువు సగమే. దాన్ని ఏ గ్రాఫులోనూ పెట్టొద్దు.

#8 వడ్రంగిపిట్ట

యురేనియం సంగతి ఎవరూ ఎత్తలేదు. అదే పద్ధతిలో 1.176 వస్తుంది, సీసం కన్నా 2 శాతం పైనే. అది గోళం కాదు, సాగిన ఆకారం. విరూపణ బీటా (గోళం నుంచి ఎంత సాగిందో చెప్పే సంఖ్య) సుమారు 0.28. గోళాన్ని ఘనపరిమాణం మారకుండా సాగదీస్తే ఆర్‌ఎంఎస్ వర్గం (1 + 5 × బీటా వర్గం / 4పై) రెట్లు పెరుగుతుంది, అంటే ఇక్కడ 3.1 శాతం. 31.87ని 1.031తో భాగిస్తే 30.9, అక్కణ్ణుంచి ఆర్ 7.18, ఆర్‌నాట్ 1.158. బంగారం పక్కన వచ్చి కూర్చుంది.

అరుదైన మృత్తికల ప్రాంతంలో, ఆక్టినైడ్లలో (యురేనియం లాంటి బరువైనవి) ఈ సవరణ లేకుండా వాలు తీస్తే కుడి కొస అబద్ధంగా పైకి లేస్తుంది. సీసం, తగరం, కాల్షియం లాంటి మాయా సంఖ్యలవి (ప్రోటాన్ల గుల్లలు నిండినవి) గోళాలే కాబట్టి గీత గీయడానికి అవి మంచివి.

#9 అరసున్న

అందరూ 1/3 వచ్చేసిందని సంబరపడుతున్నారు గానీ, మీరు కొలుస్తున్నది ప్రోటాన్ల పంపిణీ. ద్రవ్యరాశి సంఖ్యలో న్యూట్రాన్లు కూడా ఉన్నాయి. ఆవేశ వ్యాసార్థానికి ఈ సూత్రం ఎందుకు వర్తించాలి?

కాల్షియం-40: 3.478. కాల్షియం-48: 3.477. ఎనిమిది న్యూట్రాన్లు చేరాయి, సూత్రం ప్రకారం 6 శాతం పెరగాలి, మీ ఆవేశ వ్యాసార్థం ఇసుమంతైనా కదల్లేదు. తగరం చూడండి, 112 నుంచి 124కి వెళ్తే 4.595 నుంచి 4.674. పెరగాల్సింది 3.4 శాతం, పెరిగింది 1.7. ఈ తగరం ఐసోటోపుల వరుసలో వాలు తీస్తే మూడోవంతులో సగమే వస్తుంది.

#10 మూడోవంతు

#9, ఐసోటోపుల వరుస వేరు, స్థిర కేంద్రకాల వరుస వేరు. స్థిరత్వ గీత (స్థిర కేంద్రకాలు వరుసగా పడే గీత) వెంట వెళ్తున్నప్పుడు ప్రోటాన్లూ న్యూట్రాన్లూ రెండూ పెరుగుతాయి. సూత్రం చెప్పింది ఆ గీత గురించి. ప్రోటాన్లు కదలకుండా న్యూట్రాన్లు మాత్రమే చేరుస్తూ పోతే ప్రోటాన్ల పంపిణీ ఎందుకు ఉబ్బాలి?

#11 అరసున్న

స్థిరత్వ గీత మీద కూడా న్యూట్రాన్ల వాటా మారుతోంది కదా. ఇనుము-56లో 26కి 30, సీసం-208లో 82కి 126. సీసంలో న్యూట్రాన్లు ప్రోటాన్లని దాటి బయటికి పొరలా చాచుకుంటాయి. అమెరికాలోని జెఫర్సన్ ప్రయోగశాలలో ధ్రువిత (స్పిన్ ఒకే దిశలో ఉన్న) ఎలక్ట్రాన్ల పరిక్షేపణతో కొలిచి, 2021లో ఆ పొర మందం 0.283 ఫెర్మీ (± 0.071) అన్నారు. 2022లో కాల్షియం-48కి 0.121 వచ్చింది. సీసం విలువ చాలా సిద్ధాంతాల అంచనా కన్నా ఎక్కువ, దాని మీద తగువు ఇంకా నడుస్తోంది.

పొర 0.28 అనుకుంటే సీసం మొత్తం పదార్థపు ఆర్‌ఎంఎస్ 0.17 దాకా పెరుగుతుంది (0.28 × 126/208). దాంతో #5 లెక్క మళ్లీ వేస్తే ఆర్ 7.04, ఇనుము నుంచి వాలు 0.36. ఇప్పుడేమంటారు? మూడోవంతు దాటిపోయింది.

#12 గుండుసూది

మొదట తక్కువొచ్చిందని ఏడుపు, ఇప్పుడు ఎక్కువొచ్చిందని ఏడుపు. పాపం మూడోవంతు (సభ్యుణ్ణి అనట్లేదు) 😂

#13 పాతలెక్క

#11 చెప్పింది నిజమే, అది కొత్త సంగతేం కాదు. రెండు కేంద్రకాలు ఢీకొనే లెక్కలు చేసేవాళ్లు ఎప్పట్నుంచో

ఆర్ = 1.28 × ఏ^(1/3) – 0.76 + 0.8 × ఏ^(–1/3)

అనే సూత్రం వాడుతున్నారు. ఇది పదార్థపు వ్యాసార్థం. సీసానికి 7.584 – 0.76 + 0.135 = 6.96. ఇనుముకి 4.35. వాలు 0.359, మీ 0.36 పక్కనే.

ఎందుకంటే కేంద్రకం ఒత్తిడికి అసలు లొంగనిది కాదు, కొంచెం లొంగుతుంది. చిన్నవాటిలో ఉపరితల బిగువు లోపలికి నొక్కుతుంది. పెద్దవాటిలో ప్రోటాన్ల మధ్య వికర్షణ బయటికి నెడుతుంది, న్యూట్రాన్ల మిగులు కూడా సాంద్రతని కాస్త తగ్గిస్తుంది. రెండూ ఒకే దిశలో పనిచేసి వాలుని పెంచుతాయి. ఆవేశ వ్యాసార్థంలో మాత్రం న్యూట్రాన్ల పొర కనపడదు కాబట్టి ఆ పెంపు దాచుకుపోయి 0.335 దగ్గర ఆగింది. నన్నడిగితే అంత అందంగా రావడంలో కొంత కాకతాళీయం ఉంది.

#14 తుమ్మెద

అసలు ఘనమూలం ఎందుకొస్తుందో ఎవరూ చెప్పలేదు, ఆ ముక్క లేకుండా సవరణలు చేస్తూ కూర్చుంటే కొత్తగా చదివేవాళ్లకి ఇదంతా గారడీలా ఉంటుంది.

న్యూక్లియాన్ల (ప్రోటాన్లు, న్యూట్రాన్ల) మధ్య బలం చాలా దగ్గర దూరాల్లోనే పనిచేస్తుంది, రెండు మూడు ఫెర్మీలు దాటితే దాదాపు సున్నా. 0.5 ఫెర్మీ లోపలికి తోస్తే గట్టిగా వికర్షిస్తుంది. అందుకని ప్రతి న్యూక్లియాన్ తన చుట్టూ ఉన్న కొద్దిమందితోనే బంధం పెట్టుకుంటుంది, మొత్తం గుంపుతో కాదు. ప్రతి ఒక్కటీ మిగతా అన్నిటినీ లాగే పక్షంలో బంధన శక్తి ద్రవ్యరాశి సంఖ్య వర్గంతో పెరగాలి. నిజానికి ఒక్కో న్యూక్లియాన్‌కి 8 ఎంఈవీ (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) చుట్టుపక్కలే ఉంటుంది, ఇనుముకైనా సీసానికైనా పెద్ద తేడా లేదు. నీటి బొట్టులో ఇంకో బొట్టు కలిపితే సాంద్రత మారకుండా సైజు పెరిగినట్టే ఇదీ. ఘనపరిమాణం ద్రవ్యరాశికి అనుపాతం, కాబట్టి వ్యాసార్థం ఘనమూలానికి.

సాంద్రత: ఆర్‌నాట్ 1.2తో ఒక న్యూక్లియాన్ వాటాకి 7.24 ఘన ఫెర్మీలు, అంటే ఘన ఫెర్మీకి 0.138 న్యూక్లియాన్లు, ఘన మీటరుకి 2.3 × 10^17 కిలోలు. #5లోని 1.15తో వేస్తే 0.157. బరువైన కేంద్రకాల లోపల కొలతల్లో వచ్చేది కూడా 0.16 చుట్టుపక్కలే. అంటే అంచు తీసేసిన వ్యాసార్థమే లోపలి సాంద్రతని సరిగ్గా చూపిస్తుంది. 1.2 అనేది అంచుని కూడా కలుపుకున్న సగటు.

#15 వడ్రంగిపిట్ట

#14కి కలుపుతున్నా. సాంద్రత లెక్కలో ఆర్‌నాట్ ఘనం అవుతుంది. 1.2 బదులు 1.25 వేస్తే సాంద్రత 11.5 శాతం తగ్గుతుంది, 1.4 వేస్తే 1.2తో వచ్చేదానికి 1.59వ వంతే. జవాబు పుస్తకంతో కలవకపోతే ముందు వాళ్లు ఎంత ఆర్‌నాట్ తీసుకున్నారో చూడండి. ద్రవ్యరాశి లోపాన్ని (బంధన శక్తిగా పోయిన ద్రవ్యరాశిని) అనుమానించేవాళ్లు ఉంటారు, అది 1 శాతం కూడా దాటదు.

#16 చిక్కుముడి

గీగర్-మార్స్‌డెన్ బంగారు రేకు ప్రయోగం నుంచి వ్యాసార్థం వచ్చిందని చదివాం. అక్కడ 7.7 ఎంఈవీ ఆల్ఫాకి (హీలియం-4 కేంద్రకానికి) అతి దగ్గరి దూరం 30 ఫెర్మీ. మీరేమో బంగారానికి 7 అంటున్నారు?

#17 పాతలెక్క

30 అనేది వ్యాసార్థం కాదు, పై హద్దు. ఆల్ఫా అక్కడిదాకా వెళ్లి కూలుంబ్ వికర్షణతో వెనక్కి వచ్చేసింది, కేంద్రకాన్ని ముట్టుకోలేదు. అంటే కేంద్రకం 30 కన్నా చిన్నది అని తెలిసింది, అంతవరకే.

లెక్క: 1.44 × 2 × 79 / శక్తి (1.44 అనేది ఎంఈవీ-ఫెర్మీల్లో కూలుంబ్ స్థిరాంకం; 2, 79 ఆల్ఫా, బంగారం ఆవేశాలు). ఇక్కడ వేయాల్సింది ప్రయోగశాల శక్తి కాదు, ద్రవ్యరాశి కేంద్ర చట్రంలో శక్తి. బంగారానికి 7.7 × 197/201 = 7.55, తేడా కనపడదు (30.1). అల్యూమినియానికి వేస్తే తేడా బయటపడుతుంది: 7.7 × 27/31 = 6.71, దూరం 5.6 ఫెర్మీ. 1.2తో అల్యూమినియం 3.6, ఆల్ఫా 1.9, కలిపితే 5.5. అంటే అంచులు రాసుకుంటున్నాయి. తేలిక మూలకాల్లో రూథర్‌ఫర్డ్ సూత్రం నుంచి పక్కకి తప్పుకోవడం కనపడింది అందుకే. వ్యాసార్థం గురించిన తొలి ఆచూకీ అక్కడే ఉంది, బంగారంలో కాదు.

#18 చిక్కుముడి

సరే. మరి ఎలక్ట్రాన్ల వివర్తనంతో? 420 ఎంఈవీ ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్, మొదటి కనిష్ఠం 44 డిగ్రీల దగ్గర. సైన్ థీటా = 1.22 × తరంగదైర్ఘ్యం / వ్యాసం. తరంగదైర్ఘ్యం 1240/420 = 2.95. వ్యాసార్థం 2.6 వస్తోంది. #3లో ఆక్సిజన్ 3.48 (2.699 × 1.291). ఒక ఫెర్మీ తేడా!

#19 పాతలెక్క

1.22 అనేది చదునైన బిళ్లకి. కేంద్రకం గోళం. గోళానికి కనిష్ఠం క్యూ × ఆర్ = 4.493 దగ్గర వస్తుంది, క్యూ = 2 × తరంగ సంఖ్య × సైన్(థీటా/2). తరంగ సంఖ్య 420/197.3 = 2.129. క్యూ 1.595. ఆర్ = 2.82.

ఇప్పుడు ఆక్సిజన్‌కి #5 పద్ధతి వేయండి: 7.285 – 2.43 = 4.855, ఆర్ 2.84. కార్బన్‌కి కనిష్ఠం 51 డిగ్రీల దగ్గర, ఆర్ 2.45, #5 పద్ధతిలో 2.47. #7లో ఈ రెంటికీ కోత ఎక్కువైందన్నది ఆర్‌నాట్ మాట. వివర్తనం చూసే ఆర్ మాత్రం ఇదే.

కనిష్ఠం ఎక్కడ పడుతుందో గోళం సైజు చెప్తుంది. అంచు ఎంత మెత్తగా ఉందో ఆ తర్వాతి శిఖరం ఎంత దిగజారిందో చెప్తుంది. 1950ల్లో స్టాన్‌ఫర్డ్‌లో హాఫ్‌స్టాటర్ బృందం చేసిన పని ఇదే, 1961లో నోబెల్ వచ్చింది.

#20 మూడోవంతు

ఎలక్ట్రాన్ గన్ అక్కర్లేకుండా ద్రవ్యరాశి పట్టికతోనే వ్యాసార్థం తీసే దారి ఉంది: దర్పణ కేంద్రకాలు. ఆక్సిజన్-15, నైట్రోజన్-15. ఒకదాని ప్రోటాన్లు ఇంకోదాని న్యూట్రాన్లతో సమానం, కాబట్టి కేంద్రక బలం వాటా రెండింటికీ ఒకటే. శక్తి తేడా కూలుంబ్‌దే.

పరమాణు ద్రవ్యరాశుల తేడా 2.754 ఎంఈవీ. దానికి న్యూట్రాన్, హైడ్రోజన్ తేడా 0.782 కలపాలి: 3.536. కూలుంబ్ శక్తి (3/5) × 1.44 × జడ్(జడ్–1) / ఆర్ (జడ్ అంటే ప్రోటాన్ల సంఖ్య). 8×7 – 7×6 = 14. కాబట్టి ఆర్ = 0.864 × 14 / 3.536 = 3.42. నైట్రోజన్-15 ఆర్‌ఎంఎస్ 2.61 నుంచి వచ్చేది 3.37. దగ్గరే.

జడ్(జడ్–1) బదులు జడ్ వర్గం వేస్తే 14 స్థానంలో 15 వచ్చి ఆర్ 3.67 అవుతుంది. ప్రోటాన్ తనని తాను వికర్షించుకోదు, అది మర్చిపోవద్దు. 0.782 కలపకపోతే ఇంకా ఘోరం, 4.4 దాకా పోతుంది.

#21 అరసున్న

#20 బాగుంది. కానీ అక్కడ వచ్చేది ఏకరీతి గోళానికి సమానమైన ఆర్, #5లోని ఆర్ కాదు. మూడు రకాల ఆర్‌లు ఈ థ్రెడ్‌లో కలిసిపోతున్నాయి. ఎవరు ఏది రాస్తే అది ఏ రకమో పక్కన రాయండి.

#22 తుమ్మెద

లిథియం-11 కూడా చెప్పుకోవాలి. 1.2 సూత్రం ప్రకారం 2.67. 1985లో తనిహాతా బృందం బర్క్‌లీలో అభిఘాత మధ్యచ్ఛేదాలు (ఢీకొనే అవకాశాన్ని చూపే వైశాల్యాలు) కొలిస్తే పదార్థపు ఆర్‌ఎంఎస్ 3.2 పైన వచ్చింది, లిథియం-9 కన్నా చాలా పెద్దది. చివరి రెండు న్యూట్రాన్లని ఊడదీయడానికి 0.4 ఎంఈవీ కూడా అక్కర్లేదు, అవి లిథియం-9 చుట్టూ దూరంగా పలచగా పరుచుకుని ఉంటాయి. #14లో చెప్పిన 8 ఎంఈవీ బంధనం లేని చోట ఘనమూలం ఉండదు.

#23 గుండుసూది

న్యూట్రాన్ నక్షత్రాన్ని కూడా పెద్ద కేంద్రకం అంటారుగా. 1.2 సూత్రంలో దాన్ని పడేస్తే?

#24 వడ్రంగిపిట్ట

సూర్యుడికి 1.4 రెట్ల ద్రవ్యరాశి అంటే 1.66 × 10^57 న్యూట్రాన్లు. ఘనమూలం 1.18 × 10^19. 1.2 ఫెర్మీతో గుణిస్తే 14 కిలోమీటర్లు. పరిశీలనల్లో తేలేది 12 చుట్టుపక్కల. గురుత్వం ఇంకొంచెం నొక్కింది. కానీ సైజు సరిపోయిందని సూత్రం సరిపోయినట్టు కాదు: అక్కడ ద్రవ్యరాశి పెరిగితే వ్యాసార్థం ఘనమూలంలా పెరగదు, చాలా వరకు అటూ ఇటూ కదలదు. తెల్ల మరుగుజ్జుల్లో అయితే ఏకంగా మైనస్ మూడోవంతు, బరువెక్కేకొద్దీ చిక్కిపోతాయి. గురుత్వం దగ్గరి దూరాలతో ఆగే బలం కాదు, ప్రతిదీ ప్రతిదాన్నీ లాగుతుంది.

#25 కొలబద్ద

యురేనియంకి బీటా సవరణ, అన్నిటికీ సిగ్మా 0.9 పెట్టి ప్రోగ్రాం మళ్లీ నడిపా. 40 పైనవి 1.146కీ 1.174కీ మధ్య ఉన్నాయి. కాల్షియం-40 ఒక్కటే 1.174తో పైన మిగిలింది. దానికి సిగ్మా పెంచాలా?

#26 పాతలెక్క

వద్దు. ఒక్కో కేంద్రకానికి ఒక్కో సిగ్మా పెట్టుకుంటూ పోతే ఏ గీతైనా గీయొచ్చు. కాల్షియం-40లో 20 ప్రోటాన్లకి 20 న్యూట్రాన్లే, ఇనుము నుంచి అవతలివన్నీ న్యూట్రాన్ల మిగులు ఉన్నవి. #9లో చెప్పిన కాల్షియం-48 విలువ పెట్టి చూడండి: 3.477, ఏ^(1/3) 3.634.

#27 కొలబద్ద

1.104. ఇప్పుడిది గీత కిందకి పోయింది.

#28 అరసున్న

రెండు కాల్షియాల మధ్యలో గీత పోతోంది కదా, అంతకన్నా ఏం కావాలి. ఆ గీత స్థిరత్వ గీత మీది సగటు. 40 దానికి ఒక పక్క, 48 ఇంకో పక్క. కాల్షియం-44 (3.518) పెట్టు, 1.153 వస్తుంది.